బ్యాలెట్ లెక్కింపు గదిలో కెమెరాలు: ముద్ర కనబడాలి, గోప్యత చెడకూడదు

2024 జనవరి 30న చండీగఢ్ మేయర్ ఎన్నికలో పోలైనవి 36 ఓట్లే. ప్రిసైడింగ్ అధికారి అందులో 8 చెల్లవని పక్కన పెట్టి, 16 ఓట్లు వచ్చిన అభ్యర్థి గెలిచారని, 12 వచ్చిన అభ్యర్థి ఓడారని ప్రకటించారు. ఆయన బల్ల దగ్గర కూర్చుని బ్యాలెట్ల మీద పెన్నుతో గీయడం గదిలోని కెమెరాకు చిక్కింది. సుప్రీంకోర్టు ఆ వీడియో చూసింది, బ్యాలెట్లు తెప్పించి చూసింది, ఫిబ్రవరి 20న ఆ ఎనిమిదీ చెల్లుతాయని చెప్పి ఓడినాయన్నే మేయర్‌గా ప్రకటించింది. అక్కడ పనికొచ్చింది కెమెరా ఉండటం ఒక్కటే కాదు, అది బల్ల వైపు చూస్తూ ఉండటం. మన దగ్గర చాలా లెక్కింపు గదుల్లో కెమెరా గుమ్మం పై మూలన ఉంటుంది. దానికి కనబడేవి వంగిన వీపులు, ఎగిరే చేతులు.

అందుకే ఈ మార్గదర్శి మొత్తానికి కొలబద్ద ఒకటే: బల్ల మీదికి వచ్చిన ప్రతి బ్యాలెట్‌పై స్వస్తిక్ ముద్ర ఏ గుర్తు మీద పడిందో, ఆ కాగితం తర్వాత ఏ ట్రేలోకి వెళ్లిందో, రికార్డింగ్ చూసిన మూడో మనిషి చెప్పగలగాలి. చెప్పలేకపోతే కెమెరా లేనట్టే లెక్క.

ఉదాహరణకు తెలంగాణ గ్రామ పంచాయతీ ఎన్నికను తీసుకుందాం. 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా జరిగిన ఈ ఎన్నికల్లో కాగితం బ్యాలెట్లే వాడారు. సర్పంచ్‌కు గులాబీ రంగు, వార్డు సభ్యుడికి తెలుపు. ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా పోలింగ్, 2 గంటల నుంచి అక్కడే లెక్కింపు. బడి గది, నాలుగు బల్లలు, ఒక ఆర్వో (రిటర్నింగ్ అధికారి), చుట్టూ అభ్యర్థుల ఏజెంట్లు. ఇందులో పాటించే పద్ధతి సహకార సంఘం ఎన్నికకైనా, కార్మిక సంఘం గుర్తింపు ఎన్నికకైనా, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కైనా పనికొస్తుంది. ఒక్క షరతు: లెక్కింపు గదిలో కెమెరా ఎవరు పెట్టాలో, రికార్డు ఎవరి దగ్గర ఉండాలో రిటర్నింగ్ అధికారి రాతపూర్వకంగా ఇవ్వాలి. అభ్యర్థి తరఫు మనుషులు సొంత ఫోన్లతో తీయడానికి వీల్లేదు. కావాలంటే ముందే ఆర్వోకు, ఎంపీడీవోకు దరఖాస్తు పెట్టి, ఏ బల్ల పైన ఏ కోణంలో కావాలో అందులోనే రాయాలి. ‘వీడియో తీయించగలరు’ అని ఒక్క వాక్యం రాస్తే గుమ్మం మూల కెమెరానే వస్తుంది.

చూడకూడనివి ముందు తేల్చుకోండి

ఎవరు ఎవరికి ఓటేశారో బయటపడే దారి ఒకటుంది. కౌంటర్‌ఫాయిల్ (బ్యాలెట్ చించి ఇచ్చాక పుస్తకంలో మిగిలే ముక్క) మీద వరుస సంఖ్య, ఓటరు సంతకం లేదా వేలిముద్ర ఉంటాయి. అదే సంఖ్య బ్యాలెట్‌పైనా ఉంటుంది. ఆ రెండూ ఒకే రికార్డింగ్‌లో చదవగలిగేంత స్పష్టంగా పడితే రహస్య ఓటు పోయినట్టే. కాబట్టి కౌంటర్‌ఫాయిళ్లు లెక్కింపు బల్ల మీదికి రానే కూడదు, సీలు వేసిన కవరులోనే ఉండాలి. బ్యాలెట్లను గుర్తులున్న వైపు పైకి ఉంచే లెక్కపెట్టాలి. వెనకవైపు చూడాల్సింది విశిష్ట ముద్ర (ఆ పోలింగ్ కేంద్రాన్ని తెలిపే ముద్ర), ప్రిసైడింగ్ అధికారి (పీఓ) సంతకం ఉన్నాయా అని మాత్రమే. ఆ పని ఒక్కసారి, విడదీసేటప్పుడు, చేతిలో పెట్టుకుని చేస్తే చాలు. కెమెరా కింద పరిచి చేయకండి.

పోలింగ్ జరుగుతున్నంత సేపు ఓటు వేసే అట్టపెట్టె అరలోకి ఏ కెమెరా చూపూ పోకూడదు. ముద్ర వేసే చేతి కదలిక కనబడినా తప్పే. అదే గదిలో గంట తేడాతో లెక్కింపు కూడా కాబట్టి, పోలింగ్ కెమెరా కోణాలు వేరు, లెక్కింపు కోణాలు వేరు అని మొదటే అనుకుని రెండింటికీ తీగలు లాగి ఉంచాలి.

ఎన్ని కెమెరాలు, ఎక్కడ

చిన్న పంచాయతీకి, ఒక లెక్కింపు బల్ల ఉన్న గదికి, నాలుగు సరిపోతాయి:

- లెక్కింపు బల్లకు నేరుగా పైన ఒకటి. బల్లలు పెరిగితే బల్లకొకటి.
- ఆర్వో బల్ల పైన ఒకటి. చెల్లని ఓట్లు తేలేది, ఫలితం రాసేది అక్కడే.
- తెరవని పెట్టెలు, లెక్క అయిపోయిన కట్టలు ఉండే చోటికి ఒకటి.
- గది అంతా, గుమ్మంతో సహా కనబడేలా మూల నుంచి ఒకటి.

నాలుగో కెమెరా మిగతా మూడింటినీ కలిపే దారం. లెక్కింపు బల్ల నుంచి అనుమానపు బ్యాలెట్ ఆర్వో బల్లకు నడిచి వెళ్లే ఆ ఆరడుగుల దూరం ఏ కెమెరాకూ పడకపోతే, తర్వాత ఎవరైనా ‘మధ్యలో మార్చారు’ అంటారు, కాదని చూపించడానికి ఏమీ ఉండదు. బల్లలు దగ్గర దగ్గరగా వేయించండి. ఒక కెమెరా చూపు అంచు ఇంకో కెమెరా చూపు లోపల పడాలి.

లెన్స్, ఎత్తు, పిక్సెళ్లు

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. దుకాణంలో అడిగితే 2.8 మి.మీ. లెన్స్ కెమెరా ఇస్తారు, ఇళ్లకు, షాపులకు అదే పోతుంది కాబట్టి. అది సుమారు 105 డిగ్రీల వెడల్పు చూస్తుంది. బల్లకు 1.5 మీటర్ల పైన దాన్ని బిగిస్తే చిత్రంలోకి దాదాపు 3.9 మీటర్ల వెడల్పు వస్తుంది. 4 మెగాపిక్సెల్ కెమెరాలో అడ్డంగా 2560 పిక్సెళ్లు. అంటే ఒక సెంటీమీటరుకు ఆరున్నర పిక్సెళ్లు. సెంటీమీటరంత ముద్ర ఆరేడు చుక్కల మచ్చగా కనబడుతుంది. ఏ గడిలో పడిందో ఊహించొచ్చు గానీ, రెండు గడుల మధ్య గీత మీద పడిందా అన్నది చెప్పలేం. తగాదా వచ్చేదే ఆ గీత దగ్గర.

4 మి.మీ. లెన్స్ అయితే సుమారు 80 డిగ్రీలు, అదే ఎత్తులో రెండున్నర మీటర్లు, సెంటీమీటరుకు 10 పిక్సెళ్లు. 6 మి.మీ. లెన్స్ అయితే 50 డిగ్రీలు, 1.4 మీటర్లు, సెంటీమీటరుకు 18. నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న బడి బల్ల ఆ చట్రంలో సరిగ్గా ఇముడుతుంది. కాబట్టి బల్ల పైకి 6 మి.మీ. లెన్స్, లేదా తిప్పి సరిచేసుకునే వేరిఫోకల్ లెన్స్ అడగండి. 8 మెగాపిక్సెల్ కెమెరా దొరికితే అదే లెన్స్‌తో సెంటీమీటరుకు 27 పిక్సెళ్లు వస్తాయి, ఇంకేం కావాలి. గది మొత్తం చూపే నాలుగో కెమెరాకు మాత్రం 2.8 మి.మీ. సరైనదే.

కొలత గుర్తుంచుకోవాలంటే: బల్ల మీద సెంటీమీటరుకు కనీసం 18 పిక్సెళ్లు. పట్టభద్రుల ఎమ్మెల్సీ లెక్కింపు లాంటి చోట అది కూడా చాలదు. 2021లో హైదరాబాద్ స్థానంలో 93 మంది, నల్గొండ స్థానంలో 71 మంది పోటీ చేశారు. అంత పెద్ద కాగితం మీద ఓటరు చేత్తో రాసిన 1, 2, 3 అంకెలు చదవాలి. అక్కడ 8 మెగాపిక్సెల్ తప్పనిసరి అనుకోండి.

బల్ల ఎత్తు రెండున్నర అడుగులు. దానికి 1.5 మీటర్లు కలిపితే కెమెరా నేల నుంచి ఏడున్నర అడుగుల దగ్గర ఉండాలి. బడి గోడలకు డ్రిల్ వేయనివ్వరు, పైకప్పు మరీ ఎత్తు. టెంట్ హౌస్‌లో దొరికే స్పీకర్ స్టాండ్లు రెండు బల్లకు అటూ ఇటూ నిలబెట్టి, మధ్య ఒక ఇనుప పైపు అడ్డంగా కట్టి, దానికి కెమెరా బిగించడం అన్నిటికన్నా తేలిక. స్టాండు కాళ్ల మీద ఇసుక సంచులు వేయండి. ఎవరి కాలు తగిలినా చట్రం కదిలిపోతుంది, కదిలిన సంగతి మళ్లీ ఎవరూ చూడరు.

సరిగ్గా నడినెత్తిన పెడితే ఇంకో చిక్కు. లెక్కపెట్టే సిబ్బంది ముందుకు వంగగానే తలలే కనబడతాయి. సిబ్బంది బల్లకు ఒకే పొడుగు వైపు కూర్చోవాలి. ఎదుటి వైపు, ఏజెంట్ల కంచె ఉన్న పక్కకు, కెమెరాను అడుగు, అడుగున్నర జరిపి సిబ్బంది వైపు కొద్దిగా వాల్చండి. తలలు చట్రం పై అంచుకు పోతాయి, బల్ల ఖాళీగా కనబడుతుంది.

వెలుతురు

డిసెంబర్‌లో ఐదున్నర దాటితే చీకటి. పెద్ద పంచాయతీల్లో లెక్కింపు రాత్రిలోకి పోతుంది. గదిలో ఉన్న ఒక్క ట్యూబ్‌లైటు సరిపోదు.

కెమెరాకు అటూ ఇటూ, దానితో పాటే వరసలో, 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటన్ లైట్లు రెండు కట్టండి. కెమెరా పక్కనే అంటుకుని ఒక్కటే లైటు పెడితే నిగనిగలాడే కాగితం మీద తెల్ల మెరుపు వస్తుంది. ముద్ర ఆ మెరుపులో పోతుంది. రెండూ రెండు పక్కల నుంచి రావాలి.

సీలింగ్ ఫ్యాన్ ఆపేయాలి. రెక్కలు కెమెరాకూ బల్లకూ మధ్య తిరిగితే వెలుగు అదురుతుంది. పైగా బ్యాలెట్లు ఎగురుతాయి. ఉక్క అనిపిస్తే స్టాండు ఫ్యాను ఒకటి నేలబారుగా మనుషుల వైపు తిప్పి పెట్టండి.

బల్ల మీద గుడ్డ రంగు కూడా ఆలోచించాల్సిందే. ముదురు ఆకుపచ్చో నల్లదో వేస్తే తెల్ల బ్యాలెట్ బాగా కనబడుతుందని అనిపిస్తుంది, కానీ జరిగేది వేరు. చట్రంలో ఎక్కువ భాగం నల్లగా ఉంటే కెమెరా దానంతట అది వెలుగు పెంచుకుంటుంది. కాగితం కాలిపోయినట్టు తెల్లబోయి, లేతగా పడిన ముద్ర మాయమవుతుంది. బూడిద రంగో ఖాకీయో వేయండి. ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు తగ్గించి ఉంచండి.

ఇంకొకటి, అన్నిటికన్నా ప్రమాదకరమైనది. సీసీ కెమెరాలు వెలుతురు తగ్గగానే రాత్రి మోడ్‌లోకి, అంటే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వేసుకుని నలుపు తెలుపులోకి పోతాయి. అప్పుడు గులాబీ బ్యాలెట్, తెల్ల బ్యాలెట్ ఒకేలా కనబడతాయి. అంతకన్నా ఘోరం, కొన్ని ముద్ర సిరాలు ఇన్‌ఫ్రారెడ్ కాంతికి అసలు కనబడవు. కంటికి ఊదా రంగులో స్పష్టంగా ఉన్న ముద్ర రికార్డింగ్‌లో ఉండదు, కాగితం ఖాళీగా ఉంటుంది. కరెంటు పోయిన పది నిమిషాల్లో లెక్కపెట్టిన ఓట్లన్నీ వీడియోలో ‘ముద్ర లేని ఓట్లు’గా తేలితే ఎవరికి ఏం చెప్పగలం? సెట్టింగుల్లో డే/నైట్ అన్నచోట ‘ఆటో’ తీసేసి ‘కలర్’ మీద బిగించండి, ఐఆర్ దీపాలు ఆపేయండి.

సెట్టింగులు

షట్టర్ సెకనులో 100వ వంతు, ఫ్లికర్ 50 హెర్ట్జ్. షట్టర్ ఆటోలో వదిలేస్తే మసక వెలుతురులో అది 25వ వంతుకు దిగి, కదిలే చేతిలోని కాగితం అలుక్కుపోతుంది. సెకనుకు 15 ఫ్రేములు చాలు. కంప్రెషన్ హెచ్.265, స్థిర బిట్ రేట్ సెకనుకు 4 మెగాబిట్లు, ఐ-ఫ్రేమ్ (చిత్రం మొత్తాన్ని దాచే ఫ్రేము) సెకనుకొకటి. ‘స్మార్ట్’ కోడెక్ లేదా హెచ్.265 ప్లస్ అని ఉండేది ఆపేయండి. జాగా మిగల్చడానికి అది కదలని భాగాలను మొరటుగా చేస్తుంది. బల్ల మీద కదలకుండా ఉన్న బ్యాలెట్టే మనకు కావాల్సింది.

రికార్డింగ్ ‘నిరంతరం’ మీద ఉండాలి, ‘మోషన్’ మీద కాదు. మోషన్ మీద ఉంటే ఎవరూ కదలని నిమిషాలు ఎగిరిపోయి, సమయం ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆ ఖాళీలన్నీ రేపు అనుమానాలే.

జాగా లెక్క చూస్తే, 4 మెగాబిట్లంటే గంటకు 1.8 జీబీ. నాలుగు కెమెరాలకు 7.2 జీబీ. పన్నెండు గంటలకు 86 జీబీ. ఎన్‌వీఆర్‌లో, అంటే కెమెరాల వీడియోను దాచే రికార్డరు డబ్బాలో, 1 టీబీ డిస్కు ధారాళంగా సరిపోతుంది. కెమెరాలోనే 64 జీబీ మెమరీ కార్డు కూడా వేయండి, ఒక్కో కెమెరాకు పన్నెండు గంటలకు 22 జీబీయే కాబట్టి. ఎన్‌వీఆర్ తీగ ఊడినా కార్డులో రికార్డు నడుస్తూనే ఉంటుంది.

గడియారం సంగతి మరవకండి. పెట్టెలోంచి తీసిన చాలా ఎన్‌వీఆర్‌లు చైనా సమయంలో ఉంటాయి, మనకన్నా రెండున్నర గంటలు ముందు. లెక్కింపు రెండింటికి మొదలైతే వీడియోలో నాలుగున్నర పడుతుంది. టైమ్ జోన్ 5:30కి మార్చండి. తేదీ వరుస రోజు-నెల-సంవత్సరం పెట్టండి, 12-11 అంటే ఏ నెలో తేలక తన్నుకోకుండా. ఊళ్లో నెట్ లేకపోతే సమయం చేత్తో సరిచేసి, రికార్డింగ్ మొదలయ్యాక సరైన సమయం చూపించే ఫోన్ తెరను ప్రతి కెమెరా ముందు ఐదు సెకన్లు పట్టుకోండి. తేడా ఉన్నా ఎంతో తెలుస్తుంది. తెర మీద ఊరి పేరు, బల్ల సంఖ్య కూడా పడేలా పెట్టండి.

కరెంటు, తీగలు

కెమెరాలు పీఓఈ రకం తీసుకోండి. ఒక్క క్యాట్-6 తీగలోనే కరెంటూ, చిత్రమూ పోతాయి, 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. వైఫై కెమెరాలు వద్దు. గదిలో ముప్పై మంది నిలబడగానే సిగ్నల్ పడిపోతుంది, రికార్డింగ్‌లో గళ్లు పడతాయి. తీగను నేల మీద వదిలేయకుండా కిటికీ ఊచల వెంట, తలుపు చట్రం పైనుంచి తీసుకెళ్లి టేపు వేయండి.

కెమెరాలు నాలుగుకు 25 వాట్లు, ఎన్‌వీఆర్‌కు 20, తెరకు 25, లైట్లకు 40. వెరసి 110 దాకా. కంప్యూటర్ దుకాణంలో దొరికే 600 వీఏ యూపీఎస్ ఈ భారానికి అరగంట కూడా రాదు. అందులో ఉండేది 7 ఆంపియర్ అవర్ బ్యాటరీయే. ఇంటి ఇన్వర్టరు, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీతో, ఎనిమిది తొమ్మిది గంటలు లాగుతుంది. లైట్లు కూడా దాని మీదే ఉండాలి. కెమెరా వెలుగుతూ గది చీకటైతే ఫలం లేదు. ఇన్వర్టరుకు మారేటప్పుడు వచ్చే అర క్షణం తడబాటుకు ఎన్‌వీఆర్ రీస్టార్ట్ అయి రెండు నిమిషాలు రికార్డు పోవచ్చు. అందుకే ఇన్వర్టరుకూ, ఎన్‌వీఆర్-పీఓఈ స్విచ్‌లకూ మధ్యలో ఆ చిన్న యూపీఎస్ కూడా పెట్టండి.

వెబ్‌కాస్టింగ్ ఉంటే దానికి వేరే తక్కువ నాణ్యత స్ట్రీమ్ ఇవ్వండి. నెట్ పోతే పోనీ, గదిలో రికార్డు ఆగకూడదు. కలెక్టరేట్‌లో చూసే ప్రత్యక్ష ప్రసారం పర్యవేక్షణకు, గదిలోని రికార్డు సాక్ష్యానికి. రెండూ ఒకటి కావు.

ముందురోజు పరీక్ష

ఉత్తుత్తి బ్యాలెట్లు పది రాయండి. నాలుగైదు గళ్లు, ఏవో బొమ్మలు, చిటికెన వేలి గోరంత ముద్ర. ఒకటి గడి మధ్యలో గట్టిగా, ఒకటి లేతగా, ఒకటి గీత మీద, ఒకటి రెండు గడుల్లో. బల్ల నాలుగు మూలలా, మధ్యలో పరవండి. ఒకరు లెక్కింపులో లాగే ఒక్కొక్కటి ఎత్తి చూపించాలి. రాత్రి లైట్లలో ఒకసారి, మెయిన్ ఆపి ఇన్వర్టరు మీద ఇంకోసారి.

తర్వాత ఆ పది నిమిషాల రికార్డింగ్‌ను వెనక్కి తిప్పి, ఆపి, పెద్దది చేసి చూడండి. ప్రత్యక్షంగా తెర మీద కనబడేది చూసి సంతృప్తి పడొద్దు. తెర మీద మంచి స్ట్రీమ్ వస్తూ, డిస్కులోకి మాత్రం చిన్న స్ట్రీమ్ పోతున్న ఎన్‌వీఆర్‌లు ఎన్నో. ఆ కాగితాలు రాయని మనిషిని పిలిచి, ‘ముద్ర ఎక్కడుంది?’ అని అడగండి. పదికి పదీ చెబితేనే గది సిద్ధం. బల్ల కాళ్ల చుట్టూ నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, కెమెరాకు కనబడే హద్దు బల్ల మీద టేపుతో గీయండి. టేపు బయట ఏ బ్యాలెట్టూ ఉండకూడదని సిబ్బందికి ఆ సాయంత్రమే చెప్పాలి.

ఒంటిగంటకూ రెండింటికీ మధ్య

పోలింగ్ ముగుస్తుంది. ఒంటిగంటకు వరుసలో ఉన్నవారందరూ ఓటేసేదాకా ఆగాలి, కాబట్టి ఒక్కోచోట ఈ గంట అరగంటే మిగులుతుంది. సిబ్బందికి భోజనం, బల్లలు సర్దడం, కంచె కట్టడం, ఏజెంట్లు రావడం, అన్నీ అప్పుడే. పెట్టెల మీద ఎవరి కళ్లూ ఉండని సమయం కూడా అదే.

క్రమం ఇలా పెట్టుకోండి. పెట్టెలకు సీలు పడగానే వాటిని మూడో కెమెరా కిందికి చేర్చి, ఆ కెమెరాను ఇక కదపొద్దు. అంతా సర్దేవరకు ఆ కెమెరా ఆగకుండా నడవాలి. తర్వాత ఓటు వేసే అరలు తీసేయాలి. అవి పూర్తిగా పోయాకే బల్ల పైన కెమెరాలు తిప్పాలి. తిప్పాక ముందురోజు సుద్ద గుర్తుల మీద బల్ల కాళ్లు పడ్డాయో లేదో చూసి, ఒక ఉత్తుత్తి బ్యాలెట్‌తో అర నిమిషం పరీక్ష, దాన్ని చించేసి బయట పడేయడం కూడా కెమెరా ముందే. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లోనూ ఇదే ఇరుకు: మధ్యాహ్నం మూడున్నరకు పోలింగ్ ఆపి నాలుగుకు లెక్కింపు. ఆ అరగంటలో తీగలు లాగుతూ కూర్చోవడం కుదరదు.

లెక్కింపు

పెట్టె తెరిచే ముందు సీలు మీది సంఖ్యను కెమెరాకు దగ్గరగా చూపి, పైకి చదవండి. మైకు ఉన్న కెమెరా అయితే మాట కూడా రికార్డవుతుంది. బోర్లించాక, పెట్టె లోపలి భాగాన్ని కెమెరాకు, ఏజెంట్లకు చూపి పక్కన పెట్టాలి. మూలల్లో మడత కాగితం ఇరుక్కునే అలవాటు ఈ పెట్టెలకు ఉంది. గులాబీ, తెలుపు విడదీసి, 25 చొప్పున కట్టలు కట్టి, మిగిలినవాటి కట్ట మీద చీటీ పెట్టి సంఖ్య రాయాలి. మొత్తం బ్యాలెట్ పేపర్ అకౌంట్‌తో (పోలింగ్ అయ్యాక అధికారి రాసిచ్చే బ్యాలెట్ల లెక్క పత్రం) సరిపోయిందో లేదో ఇక్కడే తేలాలి, ముందుకు పోయాక కాదు.

ఆ తర్వాత గుర్తుల వారీగా ట్రేలలోకి వేసే ఘట్టం. బల్ల మధ్యలో టేపుతో చిన్న చదరం గీసి, ప్రతి బ్యాలెట్ ఆ చదరంలో ముఖం పైకి ఒక్క క్షణం ఆగాలన్న నియమం పెట్టండి. ‘ఇలా అయితే తెల్లారుతుంది’ అనేవారుంటారు. లెక్క చెప్పండి: 1,500 ఓట్లు, ఒక్కోదానికి రెండు సెకన్లు, మొత్తం 50 నిమిషాలు. ఒక్క రీకౌంటింగ్ గొడవ తప్పితే అంతకన్నా ఎక్కువ సమయమే మిగులుతుంది.

లెక్కింపు బల్ల మీద పెన్ను ఉండకూడదు. చండీగఢ్ నేర్పింది ఇదే. లెక్కలు రాసే ఉద్యోగి పక్క బల్ల మీద, బ్యాలెట్లకు చేయి అందనంత దూరంలో కూర్చోవాలి. స్టాంపు ప్యాడు ఆర్వో బల్ల మీదే ఉండాలి, అక్కడి కెమెరా కింద.

అనుమానం వచ్చిన బ్యాలెట్‌ను విడి ట్రేలో పెట్టి, ఆ ట్రేతోనే ఆర్వో దగ్గరికి తీసుకెళ్లాలి, మడిచి చేతిలో పట్టుకుని కాదు. ముద్ర లేకపోవడం, ఇద్దరికి ముద్ర, ఓటరు ఎవరో తెలిసేలా రాత, ఇవి తిరస్కరించే కారణాలు. పీఓ సంతకమో విశిష్ట ముద్రో లేనప్పుడు మాత్రం ఆగండి. అది అధికారి పొరపాటు వల్లే జరిగిందని ఆర్వోకు నమ్మకం కలిగితే ఆ ఓటును తోసేయకూడదన్నది అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల నియమాల్లో స్పష్టంగా ఉంది. ఏ కారణంతో పక్కన పెట్టారో ఆర్వో పైకి చెప్పాలి, బ్యాలెట్ రెండు సెకన్లు కెమెరా కింద నిలవాలి.

ఓట్లు సమానమై లాటరీ తీయాల్సి వస్తే, గదిలో అందరూ ఒక్కసారి బల్ల మీద పడతారు, కెమెరాకు వీపులే మిగులుతాయి. ముందు అందరినీ కంచె వెనక్కి పంపండి. ఒకే కాగితం నుంచి ఒకే కొలతకు చించిన చీటీలు, పేర్లు రాయడం, ఒకే రకంగా మడవడం, ఖాళీ డబ్బా తలకిందులు చేసి చూపడం, చీటీ తీసిన చేతి మణికట్టు దాకా చొక్కా మడిచి ఉండటం, తీయని చీటీని కూడా విప్పి చూపడం. ఈ ఆఖరిది ఎక్కువ మంది వదిలేస్తారు. రెండు చీటీల్లోనూ ఒకే పేరు రాశారన్న ఆరోపణకు జవాబు అదొక్కటే.

ఫలితం ప్రకటించగానే కెమెరాలు కట్టేయొద్దు. కట్టలు కవర్లలోకి పోయి, లక్క సీలు పడి, సంతకాలయ్యేదాకా నడవాలి.

పెళ్లి కెమెరాతో తీయాల్సి వస్తే

చాలా మండలాల్లో వచ్చేది స్థానిక వీడియోగ్రాఫరే. ఆయన కన్ను సహజంగా గోల ఉన్న చోటికి పోతుంది. లెక్కింపులో గోల గుమ్మం దగ్గర, పని బల్ల దగ్గర. ట్రైపాడ్ మీద బిగించి, బల్ల మీదికి ఏటవాలుగా పెట్టి, చేయి తీసేయమనండి. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు చాలా వరకు 29 నిమిషాల 59 సెకన్లకు వాటంతటవే ఆగిపోతాయి. కాబట్టి రెండు కెమెరాలు పది నిమిషాల తేడాతో మొదలుపెట్టాలి. ఫోన్ అయితే ఫ్లైట్ మోడ్, చార్జర్, గంటకు 7, 8 జీబీ జాగా.

ఏజెంట్లు చేయాల్సింది

గంటల వీడియోలో ఒక్క బ్యాలెట్‌ను వెతకడం గడ్డివాములో సూదే. ఏజెంటు దగ్గర కాగితం, పెన్సిలు ఉంటే చాలు. అభ్యంతరం వచ్చిన ప్రతిసారీ సమయం, బల్ల, కట్ట వరుస, విషయం నాలుగు మాటల్లో రాసుకోవాలి: ‘3:42, ఒకటో బల్ల, ఏడో కట్ట, గీత మీద ముద్ర, చెల్లదన్నారు’. సమయం గోడ గడియారం బట్టి కాదు, కెమెరా తెర మీది సమయం బట్టి. రీకౌంటింగ్ కావాలంటే ఫలితం ప్రకటించక ముందే, కారణాలతో, రాతలో అడగాలి. ప్రకటించాక వీడియో ఎంత బాగున్నా ఆర్వో చేతిలో ఏమీ ఉండదు, కోర్టుకే పోవాలి.

రికార్డును కాపాడటం

2014లో మహారాష్ట్ర జాల్నా అసెంబ్లీ స్థానంలో నామినేషన్లు మధ్యాహ్నం మూడు దాటాక తీసుకున్నారన్న వివాదం ఆర్వో కార్యాలయం కెమెరాల వీడియో మీదే నడిచింది. అధికారులు దానికి ఎలక్ట్రానిక్ సాక్ష్యపు ధ్రువపత్రం ఇవ్వలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ కేసులో 2020 జూలై 14న తీర్పు వచ్చింది: అసలు పరికరమే తేకపోతే ధ్రువపత్రం తప్పనిసరి. ఇప్పుడు అది భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఉంది. పరికరం బాధ్యుడు ఒక భాగం, నిపుణుడు ఒక భాగం నింపాలి, ఫైలు హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అక్షరాల వరుస) రాయాలి. ఏళ్ల తర్వాత ఆ ఆపరేటర్ ఎక్కడున్నాడో వెతకడం కన్నా ఆ రాత్రే సంతకం తీసుకోవడం మేలు.

రికార్డింగ్ మొత్తాన్ని ఎన్‌వీఆర్ సొంత ఫార్మాట్‌లో ఒకసారి, మామూలు ఎంపీ4లో ఒకసారి, రెండు వేర్వేరు డ్రైవుల్లోకి తీయండి. ప్రతి ఫైలుకూ షా-256 హాష్ తీయండి. విండోస్‌లో ఉండే సర్ట్‌యుటిల్ చాలు, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వచ్చే 64 అక్షరాలను కాగితం మీద ముద్రించి ఆర్వో, హాజరైన ఏజెంట్లు సంతకాలు చేయాలి. ఫైలులో ఒక్క ఫ్రేము మారినా ఆ అక్షరాలు మారిపోతాయి.

ఎంతకాలం ఉంచాలి? అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల వీడియోలను ఫలితం తర్వాత 45 రోజులు ఉంచి, పిటిషన్ లేకపోతే తీసేయొచ్చని కేంద్ర ఎన్నికల సంఘం 2025 మే 30న చెప్పింది. ఆ ఎన్నికల్లో సీసీటీవీ, వెబ్‌కాస్టింగ్ రికార్డులను ఎవరైనా అడిగి చూసే వీలును 2024 డిసెంబర్ 20 నాటి నియమ సవరణ తీసేసింది. పంచాయతీలు రాష్ట్ర ఎన్నికల సంఘం కిందివి కాబట్టి అక్కడి ఉత్తర్వు చూసుకోవాలి. ఏదైనా సరే, అనుమానం ఉన్న అభ్యర్థి ఫలితం వచ్చిన వారంలోనే ‘ఈ రికార్డు భద్రపరచండి’ అని రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

ఆఖరి ముప్పు అద్దె పరికరాలతో. మొదటి విడత 11న, రెండోది 14న. సరఫరాదారు ఎన్‌వీఆర్‌ను విప్పి తర్వాతి మండలానికి తీసుకెళ్తాడు, అక్కడ కొత్త రికార్డు కోసం డిస్కు ఫార్మాట్ చేస్తాడు. ఫార్మాట్ చేయకపోయినా, నాలుగు కెమెరాలు రోజంతా నడిస్తే 173 జీబీ, 1 టీబీ డిస్కు ఆరో రోజుకు నిండి పాతదాన్ని తుడుచుకుంటూ పోతుంది. ఒప్పందంలోనే రాయించండి: ఎన్‌వీఆర్ డబ్బా మీది, డిస్కు మాది. లెక్కింపు ముగిశాక డిస్కు విప్పి, దాని సీరియల్ నంబరు పంచనామాలో రాసి, బ్యాలెట్ కట్టలతో పాటు కవరులో పెట్టి సీలు వేయండి. 1 టీబీ డిస్కు ఖర్చు ఎన్నిక ఖర్చులో లెక్కలోకి రానిది. డబ్బాలో కొత్త డిస్కు వేసి సరఫరాదారుకు ఇచ్చేయొచ్చు.